ఎదురుచూపుల్ని ఇంగ్లీషులో ఏమంటారు?

ఆరోజు ఇంగ్లీషు టీచరు పెట్టుకున్న పని ఒక్కటే: నిద్ర. పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ ఒళ్ళు హూనమై బడికి సెలవు పెట్టింది. దుప్పటి ముసుగేసుకుందో లేదో, తలుపవతల మరిది గొంతు వినిపించింది. అతను ఫర్నిచరు షాపులో కొత్తగా చేరాడు. ఇంగ్లీషు పట్టుబడితేనే ఉద్యోగం పర్మనెంటని మేనేజరు అన్నప్పటినుంచి అతనికి అనుమానాలు, ఆవిడకి తలనొప్పి పట్టుకున్నాయి.

"వదినా, వెయిటింగ్‌కీ ఎక్స్‌పెక్టింగ్‌కీ తేడా ఏంటి?"

"రెండూ ఎదురుచూడ్డమే నాయనా."

"ఏది గొప్పగా ఉంటుంది?"

"రెండోది. వెళ్ళు."

తల్లిని కళ్ళ డాక్టరుకి చూపిస్తానని అతను మాటిచ్చాడు. ఆవిడ అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో ఎదురుచూస్తోంది. ఆ సంగతే షాపు గ్రూపులో పెట్టేశాడు: 'మై మదర్ ఈజ్ ఎక్స్‌పెక్టింగ్. లీవ్ ప్లీజ్.'

కాసేపటికి మళ్ళీ తలుపు చప్పుడు. "వదినా, లీవడిగితే కంగ్రాచ్యులేషన్స్ అంటారా?"

ఫోను చూడగానే టీచరు నిద్రమత్తు వదిలిపోయింది. "నీ దుంప తెగ! ఆడమనిషి గురించి ఉత్తినే అలా అంటే కడుపుతో ఉందని అర్థం!"

"మరి ఇందాక చెప్పలేదేం?"

ఇంతలో వాకిట్లో షాపు వ్యాను ఆగింది. రిబ్బను చుట్టిన ఉయ్యాల దిగింది. పక్కింటావిడ పరుగున వచ్చి టీచరు చేతులు పట్టుకుంది.

"ఎన్నో నెలమ్మా?"

"నాకు కాదండీ."

"తల్లిగారికి ఇమ్మన్నారండీ," అన్నాడు డ్రైవరు, మరిదిని చూపిస్తూ.

అందరూ అత్తగారి వైపు తిరిగారు. అరవై దాటిన ఆ మనిషి గుమ్మంలోనే కూలబడింది.

"అదేం లేదండీ, అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నానంతే," అని సర్దబోయాడు మరిది. దాంతో పక్కింటావిడకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

మావగారు పేపరు మడిచి, భార్య వైపు నొచ్చుకున్నట్టు చూశాడు. "నాకొక్క మాటైనా చెప్పాలనిపించలేదా?"

"నోర్ముయ్యండి!" అంది అత్తగారు.

ఇక లాభం లేదని టీచరే ఫోను లాక్కుంది. వ్యాకరణదోషం లేకుండా రాసి పంపింది: 'దేర్ ఈజ్ నో బేబీ. వియ్ ఆర్ సారీ.' బిడ్డా లేదు పాడూ లేదు, క్షమించండి అని. తిరిగి ముసుగేసుకుంది.

ఫోను మోగింది. మేనేజరు. వదినని మాట్లాడుతున్నానంది టీచరు.

"ఎంత పని జరిగిందమ్మా! ఇందాకే కదా శుభవార్త విన్నాం?"

"అసలు బిడ్డే లేదండీ!"

"అలాగే అనుకోవాలి తల్లీ. గుండె రాయి చేసుకోవాలి."

"అయ్యో, అది కాదండీ, పొరపాటు..."

"ఎవరి పొరపాటూ కాదమ్మా. మీ మరిదిని ఉద్యోగం గురించి దిగులుపడొద్దనండి. ఇవాళే పర్మనెంటు చేస్తున్నాను. వారంరోజులు ఇంట్లో ఉండి అమ్మని చూసుకోమనండి."

టీచరు నోరు తెరిచింది. మొదటినుంచీ చెప్పుకు రావాలంటే ఎంత ఓపిక కావాలో తలుచుకుని మూసేసింది.

వారమంతా మరిది ఇంట్లోనే ఉన్నాడు, అనుమానాలతో సహా.