రాయని దస్త్రానికి రక్షకుడు కాశయ్య

వినండి, రసజ్ఞులారా! మంజీరాజలసిక్తకేదారశోభితమును, ఇక్షువనపరివృతమును అగు బోధన్ పట్టణమున, పందొమ్మిది వందల అరవై నాలుగు పుష్యమాసమున, చెరకు రైతుల సంఘం కార్యాలయమున ఒక మహాసంగ్రామము జరిగెను. నెత్తురు బొట్టు రాలలేదు గాని, చెరకురసం మాత్రం బాగానే కారింది.

బీరువాద్వయపాలకుడును, చెదపురుగులకు కాలయముడును అగు రికార్డు కీపరు కాశయ్య పాత కాగితాలను కన్నబిడ్డల్లా సాకుకుంటూ సుఖాసీనుడై యుండగా, నిజామాబాదు నుండి వచ్చిన సహకార శాఖ ఇన్‌స్పెక్టరు బాలనర్సయ్య, నిబంధనల గ్రంథమును గదవలె ఎత్తి గర్జించెను.

"ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వంతుల రికార్డు మూడేండ్లు దాచాలె అని గిండ్ల ఉన్నది. ఏది? లేకుంటే పోగొట్టినవని రాస్త. ఎల్లుండికల్ల ఇందల్వాయికి బదిలీ!"

కాశయ్యకు ఇల్లు గుర్తుకొచ్చింది. చూపులేని తల్లి ఈరవ్వకు బోధన్‌లో తమ గల్లీ అడుగడుగూ తెలుసు. కొత్త ఊళ్లో ఆమెకు గోడేదో గుమ్మమేదో ఎవరు చెప్తారు?

అసలు ఆ సంఘంలో వంతులు కాగితం ఎక్కితే గదా! వచ్చిన రైతు జానెడు చెరకు ముక్కకు తన గుర్తుగా గాటు పెట్టి అరుగు మీద వరుసలో ఉంచుతాడు. వంతు రాగానే దాన్ని నములుతూ ఫ్యాక్టరీకి బండి తోలుకుపోతాడు. ఒక్కనాడు తగవు రాలేదు.

అంతట ధోవతి బిగించి, మేఘగంభీరస్వరమున కాశయ్య పలికెను. "సారూ, ధర్మప్రభూ! దాయమన్నరు, దాస్తున్న. రాయమని ఏ పుటల ఉన్నదో సూపుండ్రి! ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పుట్టని రికార్డును నేనెట్ల పోగొడుత?"

బాలనర్సయ్య గ్రంథమంతా తిరగేసెను. 'దాచవలెను' అని అడుగడుగునా ఉంది. 'రాయవలెను' అని మచ్చుకైనా లేదు. అయినా ఒప్పుకుంటే ఇన్‌స్పెక్టరెట్లవుతాడు? "దాయమంటే రాయమన్నట్టే!" అని హుంకరించెను.

ఆ క్షణముననే వంతు వచ్చిన రెంజల్ రైతు లింగవ్వ తన ముక్క తీసి నోట పెట్టబోయింది. "ఆగు! గదే రికార్డు!" అంటూ ఇన్‌స్పెక్టరు దాన్ని లాక్కున్నాడు.

"ఏంది సారూ, నా సెరుకు నాకియ్యవా? మూడేండ్లు ఏడ దాస్తవు? రేపటికే సీమలు గుంజుకపోతయి!"

కాశయ్య కళ్లు మెరిశాయి. "రికార్డే అయితె, అరుగు మీది ముక్కలన్ని మీకే అప్పజెప్త. రసీదిచ్చి నిజామాబాద్‌కు కొంటబోండ్రి సారూ. కాకుంటె, నేను పోగొట్టిందేంది?"

ఇంతలో పిపీలికాచతురంగబలము చెరకు వాసన పట్టి ఇన్‌స్పెక్టరు చొక్కా చేతిలోకి దండెత్తెను. ఆయన ఎగిరి గంతేసి, ముక్కను లింగవ్వకిచ్చేసి, దులుపుకుంటూనే రాసెను: 'రికార్డు పుట్టలేదు గనుక పోలేదు. చర్య అవసరం లేదు.'

"రేపటి సంది రాయాలని హుకుం తెస్త, సూడు!"

"తెండ్రి సారూ. గా హుకుం మాత్రం పదిలంగ దాస్త."

అట్లు కాశయ్య మహావీరుడు రాజ్యము గెలువలేదు, పదవి గెలువలేదు. ఉన్న ఊళ్లో, ఉన్న ఇంట్లో, ఉన్నట్టే ఉండుటను గెలిచెను! ఆ సాయంత్రం గుమ్మంలోనే కేక వేశాడు. "అవ్వా, మనం ఈడనే ఉంటున్నమే!"

గోడ తడమకుండానే ఎదురొచ్చిన ఈరవ్వ అంది. "మరి యాడికి పోతమనుకున్నవ్‌రా? కాళ్లు కడుక్కో, రొట్టె సల్లారుతది."