కదలని ఆసుపత్రి

"వచ్చే గురువారం నుంచి ఈ ఆసుపత్రిలో భూకంపం పనిచేయదు."

ఈ ప్రకటన చేసింది త్రిమూర్తులు గారు. ఫుజైరా కొండల పక్కనున్న ఆ చిన్న ఆసుపత్రికి ఆయన సేఫ్టీ ఆఫీసరు. కాకినాడలో డిప్లొమా చదివి, దుబాయ్ వచ్చి, మొదట్లో ఏసీలు బాగుచేశారు. ఏసీలు బాగుపడలేదు గానీ నోరు మంచిది కావడంతో ఆయన బాగుపడ్డారు.

పొరుగు దేశంలో భూకంపం వచ్చి ఇళ్లు కూలడం టీవీలో చూపించారు. మర్నాడే ఆ ఏరియా ఆరోగ్య శాఖ పెద్దాఫీసరు, అంటే ముదీర్, త్రిమూర్తులు గారిని పిలిపించి మన ఆసుపత్రి సంగతేమిటని అడిగాడు. ఇంజినీర్లను తెచ్చి గోడలూ పునాదులూ చూపిద్దామా అని కూడా అన్నాడు.

"గోడలతో మనకేం పని సార్?" అన్నారు త్రిమూర్తులు గారు. "భూకంపం అంటే ఏమిటి? కదలడం. ఏదీ కదలకపోతే ఇక భూకంపం ఎక్కడిది?"

ఇంత చిన్న విషయం ఇన్నేళ్లుగా ఏ దేశానికీ తట్టనందుకు ముదీర్ ఆశ్చర్యపోయాడు.

బిగించే పని హన్మంతుకూ, అతని బామ్మర్ది ఆశన్నకూ పడింది. ఇద్దరిదీ ఆర్మూరు పక్కన పల్లె. హన్మంతు భార్య కొమురవ్వ ఊళ్లోనే పోయింది. ఆ కబురు అతనికి చేరేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఆమె తాలూకు అతనికి మిగిలింది ఈ తమ్ముడొక్కడే. ముక్కు అచ్చం అక్కదే.

ముందు మంచాలను నేలకు బోల్టులతో బిగించారు. తర్వాత బీరువాలు. పట్టీలకు చెక్క చాలకపోతే పనివాళ్లుండే క్యాంపులోని పలకలన్నీ తెచ్చి ముక్కలుగా కోశారు. కోసింది హన్మంతే. ఆ తర్వాత త్రిమూర్తులు గారి చూపు చక్రాల మీద పడింది.

"చక్రం పుట్టిందే కదలడానికి. దాన్ని నమ్మకూడదు" అన్నారు.

స్ట్రెచర్లను లోపలి వరండాలో వరసగా నిలబెట్టి బిగించారు. అంబులెన్సు చక్రాలు ఊడదీసి ఇటుకల మీద కూర్చోబెట్టారు. ఇంత భద్రమైన అంబులెన్సు ఎమిరేట్స్ మొత్తంలో లేదని చెప్పుకున్నారు. తలుపులు ఊగుతాయి కాబట్టి వాటికీ మేకులు పడ్డాయి. ఏ తలుపు ఎలా ఉంటే అలాగే. ముందరి పెద్ద తలుపు మూసి ఉంది, వెనక తలుపు తెరిచి ఉంది. కక్కసు తలుపు మూసి ఉంది. లోపలున్న కేరళ వంటవాడు కిటికీలోంచి దూకి వచ్చి, అలవాటు కొద్దీ త్రిమూర్తులు గారికి సలాం కొట్టాడు.

చివరికి ఫ్యాను రెక్కలు.

"సారూ, తిరగకుంటే అది ఫ్యానెట్లయితది?" అన్నాడు ఆశన్న.

"ఎక్కవయ్యా, ప్రశ్నలొద్దు."

ఆశన్న ఎక్కాడు. ఆసుపత్రిలో ఆ రోజుకు బిగించకుండా మిగిలింది అతనెక్కిన నిచ్చెన ఒక్కటే. అది జారింది. త్రిమూర్తులు గారు ప్రమాదాల నుంచి పాఠం నేర్చుకునే మనిషి. సాయంత్రంకల్లా నిచ్చెనను గోడకు బిగించారు.

హైదరాబాద్ డాక్టరు అమానుల్లా ఆశన్నను చూసి హన్మంతును పక్కకు పిలిచాడు.

"నడుము ఎముక పోయింది భాయ్. దుబాయ్ పెద్ద దవాఖానకు తీస్కపోవాలె. రేపు దాటితే కాళ్లు పడిపోతయ్. కూసోబెట్టొద్దు, వంచొద్దు. గట్టి పలక మీద సీదా పండబెట్టి తీస్కపో."

పలక లేదు. హన్మంతు త్రిమూర్తులు గారి గదికి పరుగెత్తాడు. అక్కడ ఆయన తిరుగుడు కుర్చీ గోడవైపు తిరిగి ఉన్నప్పుడు దాన్నీ నేలకు బిగించేశారు. అప్పటినుంచి వచ్చినవాళ్లతో ఆయన వీపుతోనే మాట్లాడుతున్నారు. తేడా ఎవరికీ తెలియలేదు.

"సారూ, ఒక్క స్ట్రెచర్ ఇప్పుత."

"రేపు కమిటీ వస్తోందయ్యా" అంది వీపు. "ఒక్క బోల్టు తగ్గినా పరువు పోతుంది."

"పోరని కాళ్లు పోతయంట సారూ!"

"డాక్టర్ ఏమన్నాడు? కదపొద్దన్నాడు కదా? మన స్కీమూ అదే. అతను మనకు ఆదర్శ పేషెంటు. కమిటీకి ముందు అతన్నే చూపిస్తా."

స్పానర్లన్నీ తెప్పించి సొరుగులో వేయించి, దానికి మేకు కొట్టించారు. కొట్టింది హన్మంతే. స్ట్రెచర్ల ముందు పఠాన్ వాచ్‌మన్‌ను నిలబెట్టారు.

అదే సాయంత్రం షార్జాలోని రోలా బజారు నుంచి చెక్క బోర్డు వచ్చింది. 'భూకంప సురక్షిత ఆసుపత్రి' అని మూడు భాషల్లో రాసిన, మంచమంత బోర్డు.

"సారూ, బోల్టుల్లెవ్వు. ఆఖరువి నిచ్చెనకు వెట్టినం."

"తాడుతో కట్టు. ముదీర్ గారు తెర లాగేదాకా ఆగితే చాలు."

హన్మంతు దాన్ని ముందరి పెద్ద తలుపు పైన కట్టాడు.

గురువారం కమిటీ వచ్చింది. వెనక తలుపు తెరిచే ఉంది గానీ, పెద్దమనుషుల్ని అటునుంచి తీసుకెళ్లడం మర్యాద కాదు. అందుకని కిటికీల్లోంచి చూపించారు. భూకంపాన్ని పదింటికి ఏర్పాటు చేశారు. కొండ మీద క్వారీవాళ్లు మందుగుండు పేలుస్తారు. ముదీర్ చాయ్ ఇంకా పూర్తికాకపోవడంతో భూకంపాన్ని కాసేపు ఆపారు.

గేటు బయట పికప్ డ్రైవర్, కడప అల్లాబకాష్, ఆశన్నను దుబాయ్ తీసుకెళ్లడానికి పొద్దుట్నుంచీ కాచుకుని ఉన్నాడు.

"ఏమప్పా, ఇంకా ఎంతసేపు?"

"పలక దొరకాలె" అన్నాడు హన్మంతు.

ముదీర్ తెర లాగాడు. చప్పట్లు. కొండ మీద ఢామ్మంది. నేల అదిరింది. కమిటీ ఊపిరి బిగబట్టి కిటికీల్లోకి చూసింది. మంచం కదల్లేదు. బీరువా కదల్లేదు. ఆశన్న కదల్లేదు.

"జైన్! జైన్!" అని అరబ్బీలో మెచ్చుకున్నాడు ముదీర్.

త్రిమూర్తులు గారు బోర్డు కింద నిలబడి ఫొటోకు నవ్వారు. రెండోసారి ఢామ్మంది. తాడు తెగింది. బోర్డు వచ్చి ఆయన కాలి మీద పడింది.

"అమ్మో! చచ్చాన్రోయ్!"

"యల్లా, స్ట్రెచర్!" అని అరిచాడు ముదీర్.

అందరూ కిటికీలోంచి స్ట్రెచర్ల వైపు చూశారు. అవి కదల్లేదు. పఠాన్ కూడా కదల్లేదు.

హన్మంతు మాత్రం బోర్డు వైపు చూశాడు. ఈల వేశాడు. అల్లాబకాష్, క్యాంపువాళ్లు ఇద్దరు పరుగున వచ్చి బోర్డు లేపారు. త్రిమూర్తులు గారు కళ్లు మూసుకుని తిన్నగా పడుకుని, "మెల్లిగా ఎత్తండయ్యా" అన్నారు.

బోర్డు ఆయన మీదుగా దాటి వెనక తలుపులోకి పోయింది. డాక్టరు దగ్గరుండి పట్టించాడు. కాసేపటికి అది బయటికి వచ్చింది. దానిమీద ఆశన్న వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మూడు భాషల అక్షరాలూ అతని వీపు కింద పడ్డాయి. బోర్డును పికప్‌లోకి ఎక్కించారు.

త్రిమూర్తులు గారు కళ్లు తెరిచారు.

"ఏయ్ హన్మంతూ! ముందు నన్ను తీసుకెళ్లరా! నా కాలు!"

హన్మంతు పికప్ వెనక ఎక్కి, ఒక చేత్తో బోర్డు అంచు పట్టుకున్నాడు.

"కదలకుండ్రి సారూ" అన్నాడు. "కమిటీ చూస్తున్నది."