మంత్రిగారి కత్తెర కోసం

"మన ఊరి ద్రాక్షకోతను గౌరవనీయ వ్యవసాయ మంత్రిగారు స్వహస్తాలతో సెప్టెంబరు తొమ్మిదిన ప్రారంభిస్తారు. అంతవరకూ ద్రాక్షపళ్లు ఓపిక పట్టవలసిందిగా కోరడమైనది" అని మోంతురెల్ మేయర్ గొంత్రాన్ తన ఆఫీసు తలుపుకు నోటీసు అంటించాడు. వైన్‌కు పేరుమోసిన బుర్గుండీ సీమ మొత్తంలో పళ్లతో ఇంత మర్యాదగా మాట్లాడిన మేయర్ మరొకడు లేడు.

పళ్లు ఓపిక పట్టాయి. తొమ్మిదిన మంత్రిగారికి బ్రస్సెల్స్‌లో విందు తగిలింది. పదహారుకు మార్చారు. ఆ రోజు పార్టీలో తగువు. సరే, ఇరవై అయిదు అన్నారు. ఈలోగా ముసురు పట్టుకుంది.

ఓడిల్ బ్రెసాక్‌కు ఉన్నది ఆ రెండెకరాల తోటే. రోజూ పొద్దున్నే వెళ్లి గుత్తులు తడిమి చూసుకుని, బూజునీ మంత్రినీ కలిపి తిట్టుకుంటూ వచ్చేది. కోత ప్రారంభమైందని పదవిలో ఉన్న పెద్దలెవరైనా నోటితో పలికేదాకా ఆ ఊళ్లో ఎవరూ కత్తెర పెట్టకూడదు. పెడితే సీసా మీద ఊరి పేరు వేసుకోనివ్వరు. ఊరి పేరు లేని వైన్‌ను కొనే నాథుడు లేడు.

"మేయర్‌గారూ, సగం కుళ్లిపోయింది. మిగతా సగమైనా దక్కనివ్వండి. ఆ ముక్కేదో మీరే అనేయండి!" అని బతిమాలింది.

"ఎంత మాట! నోటీసులో మంత్రిగారి పేరు అచ్చయిపోయిందమ్మా. నేనంటే చెల్లుతుందా?" అన్నాడు గొంత్రాన్.

ఇరవై అయిదున మంత్రిగారు నిజంగానే వచ్చారు. బూజు ఆయన కంటబడకూడదని గొంత్రాన్ ముందురోజే టౌన్లో సూపర్ మార్కెట్‌కు వెళ్లి, ఇటలీ నుంచి వచ్చిన గుత్తులు కొనుక్కొచ్చి, రోడ్డు పక్కనున్న ఓడిల్ తీగలకు ఆకుపచ్చ వైరుతో కట్టించాడు. ఊరి వైన్ రుచిమండలి సభ్యులు పదకొండుమందీ ఎర్ర అంగీలు తొడుక్కుని, మెడలో వెండి కప్పులు వేలాడేసుకుని వరసగా నిలబడ్డారు. వాళ్లలో ఓడిల్ కూడా ఉంది.

మంత్రిగారు గుత్తి కోసి, ఒక పండు నోట్లో వేసుకున్నారు.

"ఇదేమిటయ్యా, గింజల్లేవు?"

"తమరికి శ్రమ కాకూడదని, సార్" అన్నాడు గొంత్రాన్.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "ఆహా, ఏం నేల! ఈ రుచి ఇంకే మట్టికైనా వస్తుందా?" అన్నారు.

ఇక రుచిమండలి నాణ్యత తేల్చాలి. ఆనవాయితీ ప్రకారం ఒక్కొక్కరే నమిలి, బకెట్లో ఉమ్మి, మార్కులు చెప్పారు. పద్దెనిమిదికి ఎవరూ తగ్గలేదు. చివరికి ఓడిల్ వంతు వచ్చింది. నోట్లో ఉత్త పంచదార నీళ్లు. నిజం చెప్తే మంత్రి అలిగి కారెక్కుతాడు, కోత ఆగిపోతుంది. అవతల పదిమంది కూలీలు బూట్లు తొడుక్కుని కాచుకుని ఉన్నారు.

"ఇరవైకి ఇరవై" అంది. సిగ్గుతో చచ్చిపోయింది.

చప్పట్లు మోగాయి. మంత్రిగారు రైతు చెమట మీద ముప్పావుగంట మాట్లాడి, అందరి బుగ్గల మీదా ముద్దులు పెట్టి, ఫొటోలు దిగి, వెళ్లిపోయారు.

"కత్తెరలు తీయండర్రా, త్వరగా!" అని ఓడిల్ కూలీలకు కేకేసింది.

"ఆగండాగండి!" గొంత్రాన్ చేతులు అడ్డం పెట్టాడు. "కోత ప్రారంభమైందని ఆయన అన్నారా?"

మంత్రిగారు ఏడ్చారు, పొగిడారు, ముద్దులు పెట్టారు. ఆ మాట మాత్రం అనలేదు.

గొంత్రాన్ అక్కడికక్కడే మంత్రిగారి సెక్రటరీకి ఫోన్ చేసి, వంగి వంగి మాట్లాడి, వెలిగిపోతున్న మొహంతో తిరిగాడు.

"డిసెంబరు పదకొండుకు మళ్లీ వస్తారట! ఖాయం!"

"డిసెంబరా? అప్పటికి తోటలో ఏముంటుందయ్యా, నీ మొహం!" అని ఓడిల్ కత్తెర నేలకేసి కొట్టింది.

"అదేమిటమ్మా? ఇరవైకి ఇరవై అని నువ్వే కదా తేల్చావు! రేపు పేపర్లో వస్తోంది. నాణ్యత తేలిపోయాక ఇంక పళ్లతో పనేముంది?"

నిజమే కదా అని రుచిమండలి సభ్యులు తలలూపి, అంగీలు సర్దుకుని, భోజనాలకు బయలుదేరారు.