ఉప్పు చూసేవాళ్ళు కావలెను

ఆ సోమవారం పొద్దున జహీదా వేసుకున్న పథకం చాలా తేలికైనది. నాలుగు కేజీల బంగాళదుంపలు పదకొండింటికి ఉడకేయాలి. ఒంటిగంటకి తొక్క తీసి మెదపాలి. రెండింటికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వేసి కూర కలపాలి. మూడున్నరకి మూకుడు పెట్టాలి. అయిదింటికల్లా బోండాలు మసీదుకి వెళ్ళిపోవాలి. ఇందులో ఎక్కడా తేడా రావడానికి సందు లేదు.

రంజాను నెల కదా, వన్ టౌన్‌లో ఆ సందులో ఉన్న ముస్లిముల ఇళ్ళన్నీ వంతులు వేసుకుని, రోజుకొకరు చొప్పున సాయంత్రం రోజా విడిచేవాళ్ళకి తినుబండారాలు పంపుతాయి. ఆ రోజు వంతు జహీదాది. పోయినేడు కూడా బోండాలే పంపింది. రోజాలో ఉన్న మనిషి ఉప్పు ఎలా చూడాలి? నాలుక చివర పెట్టుకుని ఉమ్మేస్తే తప్పులేదని పెద్దలు చెప్పారు. కానీ ఎక్కడ గొంతులోకి జారుతుందోనన్న భయంతో జహీదా ఎంత తొందరగా ఉమ్మేసిందంటే, ఉప్పుకి నాలుకని తాకే వ్యవధి కూడా దొరకలేదు. మసీదులో మర్యాదస్తులు ఏమీ అనకుండా తిన్నారు. కానీ ఆ సందులో ముగ్గురు జహీదాలున్నారు. మర్నాటి నుంచీ ఈమెకి 'చప్పిడి జహీదా' అని పేరు స్థిరపడిపోయింది. పాలవాడు కూడా అలాగే పిలుస్తున్నాడు.

తెల్లారగానే ఆడపడుచు గుల్షన్ గుమ్మంలోకి వచ్చి పలకరించింది. "ఇవాళ నీ వంతే కదా వదినా? మా ఇంట్లో ఉప్పు దండిగా ఉంది. పంపించనా?"

"మా ఇంట్లోనూ ఉందిలే" అంది జహీదా.

"ఉంటే సరిపోదమ్మా. వెయ్యాలి" అని గుల్షన్ వెళ్ళిపోయింది.

ఈసారి ఆ పేరు చెరిపేసుకోకపోతే చచ్చేదాకా అదే పేరు. కాబట్టి జహీదా ముందే నిర్ణయించుకుంది. తన నాలుకని నమ్ముకోకూడదు. రోజా లేని మనిషి చేత ఉప్పు చూపించాలి.

రెండింటికి కూర కలిపి, గిన్నెలో కాస్త పెట్టుకుని పక్క వాటాలోకి వెళ్ళింది. ఆ వాటాలో ఉండే వెంకటరత్నమ్మ భర్త గవర్నర్‌పేటలో మంగళగిరి చీరలు అమ్ముతాడు. ఆమె వంటకి ఆ కాంపౌండు అంతటా గౌరవం ఉంది.

"పిన్నిగారూ, కాస్త ఉప్పు చూసి పెడతారా?"

వెంకటరత్నమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "అయ్యో, ఇవాళ కార్తీక సోమవారం కదే! చుక్క పొడిచేదాకా మంచినీళ్ళు కూడా ముట్టను. అయినా ఉల్లిపాయ వేశావు కదూ? ఆ వాసన ఇటు రానీకు తల్లీ, ప్రాణం లాగేస్తోంది."

ఆ ఏడు రంజానూ కార్తీకమూ ఒకేసారి వచ్చిన సంగతి జహీదాకి అప్పుడు గుర్తొచ్చింది. గిన్నె పట్టుకుని మేడ మీదికెక్కింది. మేడ మీద తెరేసమ్మ ఉంటుంది. ఆసుపత్రిలో నర్సు.

తెరేసమ్మ కళ్ళు మూసుకునే తలుపు తీసింది. "ఇరవయ్యొక్క రోజుల ఉపవాస ప్రార్థనలో ఉన్నానమ్మా. ఇవాళ పన్నెండో రోజు. ఆరింటిదాకా ఏమీ పుచ్చుకోను. అది బోండాల కూరేనా?"

"అవునక్కా."

"శోధనలోకి తేకమ్మా" అని తలుపేసేసింది.

మూడు మతాలూ కలిసి ఉపవాసం ఉన్న ఆ కాంపౌండులో, ఉపవాసం లేని మనిషి ఒక్కడే మిగిలాడు. జహీదా మామగారు సుభాని. ఆయనకి షుగరు. మందులు వేసుకోవాలి కాబట్టి డాక్టరు రోజా వద్దన్నాడు. దాంతోపాటే దుంపలు వద్దన్నాడు, నూనె వద్దన్నాడు. ఆర్నెల్లుగా ఆయనకి పొద్దున రాగిజావ, రాత్రి పుల్కాలు. వరండాలో నవారు మంచం మీద పడుకుని, అప్పటికి రెండు గంటలుగా వంటింటి వాసన పీలుస్తున్నాడు.

"మామా, ఒక్క చిటికెడు నోట్లో వేసుకుని ఉప్పు చెప్తారా?"

"నాకెందుకమ్మా, డాక్టరు వద్దన్నాడు కదా" అంటూనే సుభాని లేచి కూర్చున్నాడు. చిటికెడు కాదు, నిమ్మకాయంత తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలాడు. ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఆ మాట చెప్పేస్తే గిన్నె లోపలికి వెళ్ళిపోతుంది. మళ్ళీ రాగిజావే. సుభాని జీవితంలో పెద్ద అబద్ధాలు ఎప్పుడూ ఆడలేదు. ఇది చిన్నదే.

"చాలదమ్మా" అన్నాడు.

జహీదా గుప్పెడు ఉప్పు వేసి కలిపి మళ్ళీ తెచ్చింది. ఈసారి ఆయన గిన్నె కింద పెట్టమన్నాడు. "ఉత్త కూర తింటే ఏం తెలుస్తుందే? శనగపిండిలో కూడా ఉప్పుంటుందా, ఉండదా? రెండూ కలిస్తేనే లెక్క. ఒకటి వేయించుకురా."

మాట సబబుగానే ఉంది. జహీదా మూకుడు పెట్టి వేడి వేడి బోండా తెచ్చిచ్చింది. సుభాని ఊదుకుంటూ తిన్నాడు. "ఒకదానితో ఎట్టా చెప్పను? నోరు కాలిపోయింది" అన్నాడు. రెండోది తిని తీర్పు చెప్పాడు. "ఎక్కువైంది."

జహీదా పరుగున వెళ్ళి వెంకటరత్నమ్మని పిలిచింది. ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"దానికెందుకే అంత కంగారు? ఉప్పెక్కువైన కూరలో రెండు బంగాళదుంపలు పడెయ్. ఉప్పంతా లాగేస్తాయి."

"ఇది బంగాళదుంప కూరే కదా పిన్నిగారూ!"

వెంకటరత్నమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే ఇంకా పడెయ్" అంది.

జహీదా భర్త హబీబ్‌కి కుట్టుమిషన్ సామాన్ల కొట్టు ఉంది. కొట్టుకి ఫోన్ వెళ్ళింది.

"ఏవండీ, మార్కెట్లో ఆగి నాలుగు కేజీల దుంపలు పట్రండి. తొందరగా."

"నిన్ననే నాలుగు కేజీలు తెచ్చాను కదా?"

"అవి ఉప్పు పీల్చుకోడానికి చాలట్లేదండీ."

హబీబ్‌కి ఏమీ అర్థం కాలేదు. ఉప్పు అన్న మాట మాత్రం అర్థమైంది. పోయినేడు మసీదులో తన పక్కన కూర్చున్న పెద్దమనిషి బోండా కొరికి, తన వైపు జాలిగా చూసిన చూపు ఆయన మర్చిపోలేదు. కొట్టు మూసి, దుంపలు తెచ్చి పడేసి, ఆటో మాట్లాడటానికి వెళ్ళాడు.

కొత్త దుంపలు రెండు కుక్కర్లలో ఉడికాయి. కూర డేగిశాలోంచి పెద్ద బేసిన్‌లోకి మారింది. సుభాని మూడు బోండాలు తిని, "ఇప్పుడు చప్పబడిందమ్మా" అన్నాడు. ఉప్పు పడింది. ఇంకో మూడు తిని, "అయ్యయ్యో, చెయ్యి జారినట్టుందే" అన్నాడు. మళ్ళీ దుంపలు వచ్చాయి. కూర బేసిన్‌లోంచి వెంకటరత్నమ్మ ఇచ్చిన గంగాళంలోకి మారింది. నాలుగు కేజీలు పన్నెండయ్యాయి. జహీదా రెండు చేతులూ చాలక ఏడవడం మొదలుపెడితే, వెంకటరత్నమ్మ స్నానం మళ్ళీ చేద్దాంలే అనుకుని ఉండలు చేయడానికి కూర్చుంది. చప్పుడుకి తెరేసమ్మ కూడా కిందికి దిగింది. ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురి నోళ్ళలోనూ ఊట, ఒక్కరూ ఒక్క మెతుకు నోట్లో వేసుకోలేరు.

"నాకు కళ్ళు తిరుగుతున్నాయే" అంది వెంకటరత్నమ్మ.

"వాసన పీల్చకండి పిన్నిగారూ. నేను నోటితో పీలుస్తున్నా" అంది తెరేసమ్మ.

"నోటితో పీలిస్తే లోపలికి పోదూ?"

"గాలికి ఉపవాసం లేదులెండి."

నాలుగున్నర అయింది. మూకుడులోంచి దించిన వాయ తీసుకుని జహీదా వరండాలోకి పరిగెత్తింది. "మామా, ఇదే ఆఖరు. గట్టిగా చూసి చెప్పండి."

సుభాని మంచం మీద సుఖంగా ఒరిగి ఉన్నాడు. ఒకటి నోట్లో పెట్టుకుని, సగం నమిలి అన్నాడు. "కాస్త అల్లం పచ్చడి ఉంటే పట్రా అమ్మా. ఉప్పు బాగా తెలుస్తుంది."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. వెంకటరత్నమ్మ చేతిలో ఉండతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఉప్పు చూడ్డానికి అల్లం పచ్చడెందుకన్నయ్యగారూ?"

సుభాని నమలడం ఆపాడు.

"మధ్యాహ్నం నుంచీ ఎన్ని తిన్నారు?" అంది తెరేసమ్మ, ఆసుపత్రి గొంతుతో.

"తినడమేంటమ్మా, చూశాను."

"ఎన్ని చూశారు?"

"తొమ్మిది."

"షుగరు మనిషి తొమ్మిది బోండాలా! డాక్టరు వద్దని చెప్పలేదూ?"

"తినొద్దన్నాడు. ఉప్పు చూడొద్దని చెప్పలేదే."

జహీదా నేల మీద కూలబడింది. "మామా, మీకు పుణ్యముంటుంది, నిజం చెప్పండి. మొట్టమొదట ఉప్పెలా ఉంది?"

"సరిపోయిందమ్మా" అన్నాడు సుభాని తల దించుకుని.

"మరి ఇప్పుడో?"

ఆయన నిజాయితీగానే ఆలోచించాడు. "ఇప్పుడు నాకేం తెలుస్తుందే? తొమ్మిది తిన్న నోరు. కుంకుడుకాయ పెట్టినా బాగుందనే అంటాను."

తెరేసమ్మ ఆయన్ని మందు బిళ్ళతో సహా సందు చివరిదాకా నడకకి తోలేసింది. నడుస్తూ ఆయన మూడుసార్లు వెనక్కి చూశాడు.

ఇక చేయడానికి ఏమీ లేదు. ఉప్పెంత పడిందో దుంపలెంత పడ్డాయో ఎవరికీ తెలియదు. నాలుగు వందల బోండాలు. ఏడుస్తూనే జహీదా వాటిని మూడు బేసిన్లకెత్తి, గుడ్డలు కప్పి, హబీబ్ తెచ్చిన ఆటోలో పెట్టింది. "మీరే దగ్గరుండి పెట్టండి. ఎవరేమన్నా నాకు చెప్పకండి" అంది. హబీబ్ ఆమె మొహం చూశాడు. ఆటో ఎక్కాడు.

అజాన్ వినిపించింది. జహీదా ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. బేసిన్లు పట్టక మిగిలిన బోండాల్లోంచి ఒకటి తీసుకుని కొరికింది. నమిలింది. ఇంకోసారి కొరికింది. ఉప్పు పోసినప్పుడల్లా దుంపలూ పడ్డాయి, దుంపలు పడినప్పుడల్లా ఉప్పూ పడింది. అటూ ఇటూ తిరిగి తిరిగి అన్నీ ఎక్కడ ఉండాలో అక్కడికే వచ్చి చేరాయి.

"పిన్నిగారూ! సరిగ్గా సరిపోయిందండీ! బంగారంలా ఉంది!"

ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డ వెంకటరత్నమ్మ వినీ విననట్టు, "చుక్కేదే? అది చుక్కా, విమానమా?" అంది. కాసేపటికి ఆమె తులసికోట ముందు దీపం పెట్టి, ప్రసాదం నోట్లో వేసుకుని, కార్తీక మాసంలో ఉల్లి తినను కనక మెచ్చుకోలు మాత్రం ఇచ్చింది. ఆరయ్యాక తెరేసమ్మ స్తోత్రం చెప్పుకుని ఆరు తింది. గుల్షన్ కూడా వచ్చి, ఒకటి తిని, అనడానికి ఏమీ దొరక్క, "కొత్తిమీర కాస్త ముదిరింది" అని రెండోది తీసుకుంది. ఏడాది తర్వాత మళ్ళీ ఆ రోజే జహీదా మనసారా నవ్వింది.

అప్పుడే హబీబ్ ఖాళీ బేసిన్లతో దిగాడు. మొహం వెలిగిపోతోంది.

"అన్నీ అయిపోయాయా?" అంది జహీదా ఆత్రంగా.

"అన్నీ! ఈ ఏడు ఒక్కడు చప్పగా ఉందని అంటే ఒట్టు. నీ పరువు నేను కాపాడాను."

"మీరు కాపాడటమేంటి?"

హబీబ్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "దారిలో ఆటో ఆపించి, కేజీ మెత్తుప్పు ప్యాకెట్టు కొన్నాను. అజాన్ కాకముందే మూడు బేసిన్లలోనూ శుభ్రంగా చల్లి, బాగా కుదిపాను. నువ్వు పాపం ఏడుస్తున్నావు కదాని."

"రుచి చూశారా?"

"ఎట్టా చూస్తానే? నేనూ రోజాయే కదా!"

గుల్షన్ రెండో బోండా చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"మరి వాళ్ళు ఏమన్నారు?" అని తెరేసమ్మ అడిగింది.

"ఏమీ అనలేదండీ. మంచి మనుషులు. పెద్దాయనైతే ఒక్క బోండాకి నాలుగు గ్లాసుల నీళ్ళు తాగి, ఇంత దాహమైన రోజా తన జీవితంలో ఎరగనన్నాడు."

మరుసటేడు మసీదులో వంతుల కాగితం అంటించినప్పుడు, అందరి పేర్ల పక్కనా ఖాళీ వదిలి, జహీదా పేరు పక్కన మాత్రం 'ఖర్జూరాలు' అని ముందే రాసి ఉంచారు.