యాభయ్యో మెట్టు మీద సాయిలు

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయునదేమనగా, మనిషి పుట్టినప్పటి నుంచి పోయేదాకా అంచెలంచెలుగా ఎదుగుతాడన్న సంగతి 1941 ఎండాకాలంలో మన దగ్గర మొదటిసారిగా అమలులోకి వచ్చింది. అంతకుముందు కూడా ఇక్కడి జనం పొడుగయ్యేవారు, లావయ్యేవారు, పళ్లూడేవి. కానీ దాన్ని ఎదుగుదల అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ రోజుల్లో మా బండ్లవాళ్ల వాడలో మగవాడికి రెండే దశలుండేవి. తండ్రి బతికుంటే పోరడు, తండ్రి పోతే పెద్దమనిషి. తండ్రి దినాలనాడు తలకు రుమాలు చుట్టగానే చావడిలో మంచం మీద కూర్చోవచ్చు, నోరు విప్పవచ్చు. అంతదాకా కింద చతికిలబడి, మంచం మీదివాళ్ల చుట్టలకు నిప్పు అందించాలి. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. దీని పుణ్యమా అని పన్నెండేళ్ల పెద్దమనిషి ఒకడు మాకు దక్కాడు. వాడు తగవు మధ్యలో నిద్రపోయేవాడు. మిగతా పెద్దమనుషులూ అదే పని చేసేవారు గనక ఎవరూ తప్పు పట్టలేదు.

ఇక సాయిలు. ముప్పై మూడేళ్ల కిందట మూసీ పొంగిన ఏటికే అతనికి మీసాలున్నాయి. ఇప్పుడవి తెల్లబడ్డాయి. పంజాగుట్ట గుట్టల నుంచి బండి మీద రాయి తోలేవాడు, మనవళ్లను ఎత్తుకుని తిరిగేవాడు. అయినా పోరడే. ఎందుకంటే డెబ్బై దాటిన అతని తండ్రి మొగిలయ్య నోట్లో ఒక్క పన్ను కూడా కదల్లేదు. పొద్దున్నే గడప మీద కూర్చుని జొన్నరొట్టె కరకర నమిలేవాడు. ఆ చప్పుడు విని వాడంతా ముచ్చటపడేది. సాయిలు కూడా ముచ్చటపడాల్సి వచ్చేది.

ఆ ఎండాకాలం మొగిలయ్య కల్లు దుకాణంలో కూర్చుని, సాయిలు చిన్నబిడ్డ భూలక్ష్మిని బోరబండలో ఒకాయనకు ఇస్తానని మాటిచ్చి వచ్చాడు. పిల్లకు తొమ్మిదేళ్లు, మిషన్ బడిలో రెండో తరగతి. పెళ్లికొడుక్కి ఇద్దరు పెళ్లాలు పోయారు. వయసెంతో ఆయనకే తెలియదు గానీ, ఆయన దగ్గు మాత్రం చావడి దాకా వినిపించేది. సాయిలు బండి తోలుతూ ఎద్దులకు చెప్పుకుని ఏడ్చాడు. చావడిలో మాట్లాడే హక్కు ఎద్దులకూ లేకపోవడం వల్ల అవి ఏమీ చేయలేకపోయాయి.

చావడికి పోయి వద్దని చెప్పమంది భార్య వజ్రమ్మ.

“నేనెట్ల చెప్తనే, పోరన్ని,” అన్నాడు సాయిలు, తెల్లమీసం తుడుచుకుంటూ.

సరిగ్గా అప్పుడే శాస్త్రం మనల్ని ఆదుకుంది. మిషన్ బడి ఉపాధ్యాయులు విజయరత్నం గారు మద్రాసులో ట్రైనింగు ముగించుకుని ఒక పటం చంకన పెట్టుకుని వచ్చారు. పటం నిండా మెట్లు. ఒక పక్క ఎక్కేవి, మరో పక్క దిగేవి. ఎక్కే మెట్ల కింద ఉయ్యాలలో పసివాడు, ఆపైన బుడతడు, ఆపైన పడుచువాడు, అందరికన్నా పైన యాభయ్యో మెట్టు మీద టోపీ పెట్టుకుని నడుం మీద చేతులేసుకున్న దొర. అక్కడి నుంచి దిగడమే. అట్టడుగున ఒక పండుముసలి, పసిపిల్లవాడిలా ముడుచుకుని కూర్చున్నాడు. ఆ పటాన్ని చావడి గోడకు తగిలించి విజయరత్నం గారు ఉపన్యసించారు.

“మహాజనులారా, మానవ జీవితము సోపానక్రమము. యాభైవ ఏట మానవుడు వివేక శిఖరమును అధిరోహించును. అచ్చటి నుండి క్రమముగా దిగి, డెబ్బది దాటిన పిమ్మట మరల శిశువగును. ఇది శాస్త్రము. కాదన్నవాడు మూర్ఖుడు.”

సభకు చివరి మాట ఒక్కటే అర్థమైంది. అందుకని అందరూ ఒప్పుకున్నారు.

వజ్రమ్మకు మాత్రం మొత్తం అర్థమైంది. మొగుడి రెక్క పట్టుకుని చావడి మధ్యలో నిలబెట్టి, ఇతనే ఆ పైమెట్టు మీదివాడని వాదించింది. కులపెద్ద రాజనర్సయ్య తొందరపడే మనిషి కాదు. పటాన్ని చూశాడు, సాయిలును చూశాడు, మళ్లీ పటాన్ని చూశాడు. పటంలో మనిషికి టోపీ ఉందనీ, ఈ మనిషికి లేదనీ, కాబట్టి ఇతనికి యాభై ఏళ్లని నమ్మడానికి ఆధారం లేదనీ తేల్చాడు. విజయరత్నం గారు కూడా ఆలోచనలో పడ్డారు. వజ్రమ్మ బేగంపేట పరుగెత్తి, ఒక దొర బంగళాలో వంటచేసే దయారత్నాన్ని బతిమాలి, దొర పారేసిన టోపీ తెచ్చింది. అది సాయిలు చెవుల మీదుగా ముక్కు దాకా దిగింది. నడుం మీద చేతులు వేసుకోమన్నారు, వేసుకున్నాడు. సభ ఏకగ్రీవంగా అతనికి యాభై ఏళ్లు మంజూరు చేసింది.

ఇక మిగిలింది మొగిలయ్యను శిశువుగా ప్రకటించడం. ముసలాయన కర్ర తీసుకుంటాడని అందరూ కాస్త దూరం జరిగారు. ఆయన మాత్రం నిదానంగా అడిగాడు.

“పసిపోరలు గడ్డి కోస్తరా, సారూ?”

కోయరన్నారు విజయరత్నం గారు.

“ఎద్దులను కడుగుతరా?”

అదీ చేయరన్నారు.

“గట్లయితే నేను పసిపోరన్నే,” అని మొగిలయ్య అక్కడే కాళ్లు చాపుకుని పడుకున్నాడు.

మర్నాటి నుంచి ఆయన శాస్త్రాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. ఒళ్లంతా నూనె రాస్తేనే స్నానం, సాయిలు భుజాల మీద ఎక్కిస్తేనే బజారు. పల్లీపట్టీ కొనివ్వకపోతే అమీర్‌పేట నడిబజారులో పొర్లాడి ఏడ్చేవాడు. మిషన్ బడిలో పిల్లలకు బెల్లం, పుట్నాలు పెడతారని తెలిసి వెళ్లి వరసలో నిలబడ్డాడు. శాస్త్రం చెప్పిన నోటితో పొమ్మనలేక విజయరత్నం గారు ఆయనకూ ఒక దోసెడు పోశారు.

ఈ వార్త పొక్కాక డెబ్బై దాటినవాళ్లెవరూ ఇళ్లల్లో ఆగలేదు. దాటనివాళ్లు దాటామని ఒట్టేశారు. రాజనర్సయ్య అయితే తనకు ఎనభై ఏళ్లని సొంత చెల్లెలితో సాక్ష్యం చెప్పించాడు. ఆవిడకు అరవై నిండలేదు. చావడి ఖాళీ అయింది, ఒకటో తరగతి నిండింది. అసలు పిల్లలు చోటు చాలక వాకిట్లో నిలబడ్డారు. పెద్దమనుషులు గోలీలాటలో కొట్టుకుంటే భూలక్ష్మి విడదీసేది. అ, ఆలు రాయలేదని సొంత తాతను మూలన నిలబెట్టింది. ఆయన ఏడ్చాడు గానీ తప్పు ఒప్పుకున్నాడు. బడిలో హాజరు ఇంతగా పెరిగినందుకు విజయరత్నం గారిని ఊరంతా మెచ్చుకుంది.

అంతలో బోరబండ పెళ్లికొడుకు దగ్గుకుంటూ వచ్చి, ముహూర్తం ఎప్పుడని మొగిలయ్యను అడిగాడు. పసిపోరల మాట చెల్లదనీ, మా సాయిలును అడగమనీ చెప్పి మొగిలయ్య గోలీ గురిపెట్టాడు.

చావడిలో మంచం మీద సాయిలు ఒక్కడే ఉన్నాడు, టోపీతో. వాడంతా వచ్చి చుట్టూ నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక అతని నోటి మాట కోసం జనం ఎదురుచూడటం అదే మొదలు. గుమ్మం దగ్గర వజ్రమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. బిడ్డను ఇయ్యనని చెప్పడం సాయిలు దారి పొడుగునా ఎద్దుల ముందు సాధన చేసి వచ్చాడని ఆమెకు తెలుసు.

పెళ్లికొడుకు వంగి దండం పెట్టాడు. “పటేలా, నువ్వు పెద్దమనిషివి. నీ మాటే మాట,” అంటూ స్వయంగా నిప్పు తెచ్చి సాయిలు చుట్ట ముట్టించాడు. సాయిలును పటేలా అన్నవాడు అంతకుముందు ఎవడూ లేడు. అతని చుట్టకు ఇంకొకడు నిప్పు పట్టడమూ లేదు. సాయిలు ఒక దమ్ము లాగాడు. బాగుంది. ఇంకొకటి లాగాడు. టోపీ పైకి నెట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

“పెద్దలన్నంక ఇచ్చిన మాట తప్పొద్దు. పిల్లను ఇస్తున్నం.”

“ఏందయ్యా నువ్వనేది?” అంది వజ్రమ్మ. గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

“పెద్దమనుషులు మాట్లాడుతుంటే నడుమల రాకు,” అన్నాడు సాయిలు. సభ తలలూపింది. ఎంత త్వరగా ఎదిగాడని అందరం ఆశ్చర్యపోయాం.

అప్పుడు భూలక్ష్మి పటం దగ్గరికి పోయి ఒక్కో మెట్టూ వేలితో తడిమింది. “సారూ, పసిపోరలకు పెండ్లి చేస్తే మరి తాతకు సుత చేస్తరా? ఇంతకూ నేను యాడున్న ఈ పటంల?” అని అడిగింది. విజయరత్నం గారు కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు వెతికారు. పటంలో ఆడమనిషి లేదు. ఆ విషయమై శాస్త్రం ఇంకా పరిశీలిస్తోందని చెప్పి, పటం చుట్టి చంకన పెట్టుకున్నారు.

పెళ్లికి మనమంతా వెళ్లాం. పిల్ల తల్లి కొంగు పట్టుకుని వదలకుండా ఏడుస్తుంటే, పెద్దదానివయ్యావు, ఏడవకూడదని మనమే సముదాయించి వేళ్లు విడిపించాం. పక్కనే మొగిలయ్య లడ్డు కోసం ఏడిస్తే పరుగున తెచ్చి రెండు చేతుల్లో పెట్టాం. అక్షింతలు వేశాం, బంతిలో కూర్చుని తిన్నాం. పప్పులో ఉప్పు తగ్గిందని తప్ప ఆ పెళ్లిని గురించి ఎవరమూ ఒక్క మాట అనలేదు.