మార్లిస్ కోసం కొన్న విల్లు

భుజానికి రోషం ఎందుకుండాలి, అది ఒట్టి కీలు కదా అనుకుంటూ వెర్లిన్ కారు నడుపుతున్నాడు. రోషం ఉన్నది భుజానికి కాదేమో, దాన్ని చూసేవాళ్ళ కళ్ళకేమో. ఆ కళ్ళు కూడా నిజానికి తన తలలోనే ఉన్నాయేమో. ఇంత దూరం ఆలోచించాక కూడా కారు మాత్రం సొంత ఊరి దుకాణం దాటి, తనను ఎరిగినవాళ్ళు లేని పక్క ఊరి దుకాణం వైపే పోయింది.

విస్కాన్సిన్ అడవుల్లో సెప్టెంబరులో విల్లు వేట మొదలవుతుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ వెర్లిన్ మామగారి వేట గుడిసెకే వెళ్తున్నాడు. గుట్ట మీది ఓక్ చెట్టు మంచె అతనిది. వేటకు ముందురోజు మధ్యాహ్నం మగవాళ్ళందరూ గుడిసె వెనక చేరి, అందరి ముందూ విల్లు లాగి చూపించాలి. లాగలేనివాణ్ణి ఎవరూ ఒక్క మాట అనరు. మేకుకు వేలాడే గళ్ళ ఏప్రన్ తెచ్చి చేతిలో పెడతారు. ఇక ఆ మనిషి గుడిసెలో చిక్కుడు గింజలు ఉడకేసుకుంటూ ఉండాల్సిందే. భార్య వైపు ఎల్రాయ్ చిన్నాన్న అలాగే చెట్టు దిగాడు, మళ్ళీ ఎక్కలేదు. వెర్లిన్ విల్లు లాగడానికి డెబ్బై పౌండ్ల బలం కావాలి. వసంతం నుంచీ భుజం నొప్పి వల్ల తాడు సగం దూరం దాటి రావడం లేదు.

దుకాణదారు గోర్డీ అతని చేతులు బార చాపించి కొలిచాడు.

"ఉన్న విల్లు లాగుడు బరువే తగ్గించుకోవచ్చుగా అన్నా? పైనొక బోల్టు, కిందొక బోల్టు. రెండూ సమంగా సడలిస్తే సరి."

"దాని బరువు అందరికీ తెలుసు. కొత్తదైతే, ఇప్పుడొచ్చేవన్నీ ఇలా తేలిగ్గానే ఉంటున్నాయని చెప్పొచ్చు."

"ఎవరికి, దుప్పికా? దానికి నీ విల్లు బరువుతో పనేంటి? బాణం పదునుగా ఉందా, చోటు చూసి కొట్టావా, అంతే."

నలభై అయిదు పౌండ్ల విల్లు అతని చెంపదాకా మెత్తగా వచ్చింది. ఆ సుఖంలో ఉండగానే తలుపు గంట మోగింది. వచ్చినవాడు డ్వేన్, వెర్లిన్ భార్య మార్లిస్‌కు అన్న. వెర్లిన్‌ను చూసి గుమ్మంలోనే తత్తరపడ్డాడు.

"నువ్వేంటి బావా ఇక్కడ?"

వెర్లిన్ నోటికి బుర్రను సంప్రదించే తీరిక దొరకలేదు. "మార్లిస్ కోసం," అన్నాడు.

"మా చెల్లి వేటకొస్తోందా!" డ్వేన్ మొహం వెలిగిపోయింది. "మరి ఇంత పొడుగు లాగుడేంటి? దాని చేతులు నాకు తెలీవూ? గోర్డీ, కురచ చెయ్. బాణాలకి పచ్చ ఈకలు వెయ్యి, దానికి పచ్చంటే ఇష్టం."

కళ్ళముందే ఆ విల్లు వెర్లిన్‌కు పనికిరాకుండా పోయింది. డ్వేన్ తానెందుకు వచ్చాడో చెప్పలేదు. అడిగే స్థితిలో వెర్లిన్ లేడు.

ఇంటికెళ్ళగానే నిజం చెప్పేద్దామనుకున్నాడు. కానీ డ్వేన్ ఫోను అతనికంటే ముందే ఇల్లు చేరింది. మార్లిస్ తడి కళ్ళతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎప్పటికైనా నన్నూ రమ్మంటావేమోనని చూశాను వెర్లిన్. ఇక అడగవులే అనుకున్నా."

గొంతుదాకా వచ్చిన నిజం మళ్ళీ కిందికి దిగిపోయింది. ఆ మాటకు తనలో కదిలింది సిగ్గా, సంతోషమా అన్నది అతను కారు షెడ్డులో చాలాసేపు నిలబడి తేల్చుకోలేకపోయాడు.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు చెయ్యి కలిపి, భార్యను వేటకు తీసుకెళ్ళే భర్తలు అరుదన్నారు. మార్లిస్ ఏ పనైనా సగం చేసే మనిషి కాదు. మనిషి వాసన దుప్పికి తగలకూడదని ఇద్దరి బట్టలూ వాసన లేని సబ్బుతో ఉతికి, పైన్ కొమ్మల మధ్య ఆరేసింది. పొగ పట్టేస్తుందని బేకన్ వేయించడం మానేసింది. తర్వాత కాఫీ కూడా ఆగిపోయింది. వెర్లిన్ చప్పిడి ఓట్స్ తింటూ కిటికీలోంచి చూస్తే, పెరట్లో గడ్డి మోపు మీద పచ్చ ఈకల బాణాలు ఒకే గుత్తిగా దిగి ఉండేవి. అతనికి గర్వంగా ఉండేది. కడుపులో మండేది కూడా, అయితే అది ఓట్స్ వల్ల అనుకునేవాడు.

వేటకు ముందురోజు రానే వచ్చింది. గుడిసె వెనక బంధువులందరూ చేరారు.

"కొత్త మనిషి కదా, ఓక్ చెట్టు మంచె మా చెల్లికిద్దాం," అన్నాడు డ్వేన్. "విల్లే కొనిచ్చినవాడివి, మంచె ఇవ్వలేవా బావా?"

అందరూ చప్పట్లు కొట్టారు. వెర్లిన్ కూడా కొట్టాడు. మార్లిస్ విల్లు లాగి, బాణం గురి మధ్యలో దింపింది.

"ఇక నువ్వు కానీ బావా," అన్నాడు డ్వేన్.

"పెద్దవాడివి, ముందు నువ్వు."

"అతిథివి, ముందు నువ్వే."

"ఇన్నేళ్ళకి నేను అతిథినా?"

జనం చూస్తున్నారు. వెర్లిన్ డెబ్బై పౌండ్ల విల్లు ఎత్తి లాగాడు. అల్లెతాడు సగం వచ్చింది, విల్లు తన సొత్తు తను వెనక్కి తీసుకుంది. ఎల్రాయ్ చిన్నాన్న లేచి ఏప్రన్ ఉన్న మేకు వైపు నడిచాడు.

"కూర్చో చిన్నాన్నా," అంది మార్లిస్. "అన్నయ్యా, నువ్వు లాగు చూద్దాం."

డ్వేన్ వంగి, కట్టే ఉన్న బూటు తాళ్ళు మళ్ళీ కట్టుకోసాగాడు.

"నేను వాసన లేని సబ్బుతో బట్టలుతకడం, మీరిద్దరూ భుజాలకి ఆ పుదీనా ఘాటు మందు పూసుకు రావడం! దుప్పులు పక్క జిల్లాకి పారిపోవూ?"

డ్వేన్ తలెత్తలేదు. "గోర్డీ దగ్గరికి నేనూ అందుకే వచ్చా బావా. మార్లిస్ కోసమని నువ్వు తప్పించుకున్నావు. నేను అలా అనడానికి నాకు పెళ్ళాం కూడా లేదాయె."

వెర్లిన్ భార్య వైపు తిరిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"విల్లు తెచ్చిన రెండో రోజే. దిండు మందు వాసనేసింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే విల్లు వెనక్కిచ్చేస్తావని."

వెర్లిన్‌కు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ తన తలలో కూర్చుని చూస్తున్న కళ్ళ కోసం వెతికాడు. ఎదురుగా ఎల్రాయ్ చిన్నాన్న కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. అవి మేకు మీది ఏప్రన్‌ను కాదు, వెర్లిన్ చేతిలోని విల్లును చూస్తున్నాయి.

వసంతం నుంచీ జేబులో మోస్తున్న, బోల్టులు తిప్పే అల్లెన్ కీ తీశాడు. అందరూ చూస్తుండగా పై బోల్టు సడలించాడు, కింది బోల్టు అంతే సడలించాడు, కీని డ్వేన్ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత అది ఎల్రాయ్ చిన్నాన్న దగ్గరికి వెళ్ళింది.

ఓక్ చెట్టు మంచె మాత్రం మార్లిస్ తిరిగి ఇవ్వలేదు.