టైరు చెప్పు గుర్తు

బొమ్మలు గీసే కుర్రాడు ఎదిల్బెర్తో బుధవారం పొద్దున వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. సెనైదా అనే అమ్మాయి ప్రయాణాల బ్లాగు రాస్తుంది. ఆమె బ్లాగుకు ఒక లోగో, రెండు రంగులు, తీరైన అక్షరాలు అతనే తయారుచేశాడు. ఇక వాటిని యానాపంపా ఊరి గోడల మీద వేయించడమే మిగిలింది. శనివారం రాజధాని లీమా నుంచి బస్సుల కంపెనీ యజమానురాలు ఓర్తెన్సియా వస్తోంది. ఊళ్లో బ్లాగుకు పేరుందని నమ్మకం కుదిరితే, ఏడాదిపాటు దేశమంతా తిరిగే పాసు ఇస్తానంది. ఒకటే షరతు, రాజకీయాల వాసన తగలకూడదు. మార్కెట్లో అమ్మ పక్కన కూర్చుని జున్ను అమ్ముతూ, సెలవు దొరికినప్పుడు పక్క ఊరు చూసొచ్చి రాసుకునే సెనైదాకు ఆ పాసంటే ప్రాణం.

లోగో ఒక టైరు చెప్పు, పాత టైరు కోసి కుట్టినది. కొండదారుల్లో అందరూ వేసుకునేదే. కింద "సెనైదా" అని పేరు. ఎదిల్బెర్తో ఆ బొమ్మను నికనోర్ మేస్త్రీ చేతిలో పెట్టి, "ఉన్నదున్నట్టు దింపెయ్ మేస్త్రీ" అని ఇంటికిపోయి పడుకున్నాడు. అదే అతను చేసిన తప్పు.

ముప్పయ్యేళ్లుగా ఎన్నికల గుర్తులు వేసి వేసి పండిపోయిన చెయ్యి మేస్త్రీది. మేయరు ఎన్నికలకు ఇంకా నెల రోజులే ఉన్నాయి. గోడల నిండా బకెట్లు, నాగళ్లు, లాంతర్లు. ఓటరు బ్యాలెట్ మీద ఎలా గీయాలో అలాగే ప్రతి గుర్తు మీదా పెద్ద ఇంటూ మార్కు. సాయంత్రానికి పదకొండు గోడల మీద పదకొండు చెప్పులు వెలిశాయి. పదకొండింటి మీదా ఎర్రటి ఇంటూ.

"ఇదేంటి మేస్త్రీ? ఇంటూ ఎవరు గీయమన్నారు?" అన్నాడు నిద్ర లేచొచ్చిన ఎదిల్బెర్తో.

"ఒకరు చెప్పాలా నాయనా? అది లేకపోతే జనానికి ఎక్కడ గీయాలో ఎలా తెలుస్తుంది?" అన్నాడు మేస్త్రీ జాలిగా. "కుర్రాడివి, మర్చిపోయుంటావని నేనే కలిపా."

గురువారం తెల్లారేసరికి జున్ను కొట్టు ముందు ఆడవాళ్లు బారులు తీరారు. జున్ను కోసం కాదు.

"పిల్లా, మేయరుకి నిలబడ్డావని మాటమాత్రం చెప్పలేదే" అంది బంగాళాదుంపలమ్మే మార్సెలీనా. "సర్లే గానీ, మార్కెట్ వెనక మురుక్కాలవ సంగతేంటి?"

"నేను దేనికీ నిలబడలేదు పిన్నీ."

"ముందు అందరూ అదే అంటారు. కాలవ సంగతి చెప్పు."

సెనైదాకు పెద్దవాళ్లను నొప్పించడం చేతకాదు. "చూద్దాంలే పిన్నీ" అంది. ఆ ఊళ్లో ఏ అభ్యర్థీ అంతకన్నా గట్టి మాట ఇచ్చిన పాపాన పోలేదు. మధ్యాహ్నానికి జనం నోట కాలవ ఖాయమైపోయింది, సాయంత్రానికి దాని మీద వంతెన కూడా వెలిసింది.

సెనైదా ఎదిల్బెర్తోను పట్టుకుని దులిపేసింది. "నిన్ను లోగో వెయ్యమన్నానా, పార్టీ పెట్టమన్నానా?"

"రేపటికల్లా సున్నం కొట్టేస్తా కదా, ఎందుకలా అరుస్తావు?"

అన్నట్టే శుక్రవారం బయల్దేరాడు, ఒక చేతిలో కుంచె, ఇంకో చేతిలో సున్నం బకెట్. బకెట్ ఎవరి గుర్తో ఆ ఊళ్లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. అది పెట్రోలు బంకు ఎలెయుతేరియోది. ఈసారి గెలుపు తనదేనని ఆయన నమ్మకం. ఎదిల్బెర్తో మొదటి చెప్పును సగం చెరిపేలోపు మార్సెలీనా కేక పెట్టింది. "చూశారా, జున్నమ్ముకునే పిల్ల గుర్తును బకెట్టోళ్లు చెరిపేస్తున్నారు."

నలుగురు ఆడవాళ్లు బకెట్ లాక్కుని అతని నెత్తిన గుమ్మరించారు. పొద్దుగూకేసరికి ఊరంతా చెప్పులే. మేస్త్రీ దగ్గరుండి అందరికీ ఇంటూ గీయడం నేర్పించాడు.

శనివారం ఓర్తెన్సియా బస్సు దిగేసరికి ఎదురుగా బాకాలు, డప్పులు, కర్రలకు వేలాడదీసిన టైరు చెప్పులు.

"రాజకీయాలు వద్దని చెప్పానా?" అంది ఆమె.

సెనైదా జున్ను బల్ల ఎక్కి నిలబడింది. "నేను పోటీలో లేను. నాకే పదవీ వద్దు. ఈ ఊరొదిలి తిరగాలన్నదే నా కోరిక" అని గొంతు చించుకుంది.

డప్పులు ఆగాయి. మార్సెలీనా కళ్లొత్తుకుంది. "పదవి వద్దన్న మనిషిని ఈ జన్మలో చూస్తాననుకోలేదు." డప్పులు రెట్టింపు జోరుతో మొదలయ్యాయి.

ఓర్తెన్సియా తిరిగి బస్సు మెట్టు మీద కాలు పెట్టింది. సెనైదాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల కల, ఒక ఇంటూ మార్కుకు బలైపోయింది. అప్పుడు జనాన్ని తోసుకుంటూ, చెమటలు కక్కుతూ ఎలెయుతేరియో వచ్చాడు. సెనైదా వైపు చూడనైనా చూడకుండా నేరుగా ఓర్తెన్సియా ముందు చేతులు జోడించాడు.

"అమ్మా, ఈ పిల్లకు ఊళ్లు తిరగడం తప్ప ఇంకేం తెలీదు. పూచీ నాది. ఆ పాసేదో ఇచ్చెయ్యండి."

"మధ్యలో మీకేంటి?"

"ఊళ్లో ఉన్న ఒక్క బంకూ నాదే. ఎంత పెద్ద లైనున్నా ముందు మీ బస్సుకే డీజిలు పట్టిస్తా. ఇవాళే ఎక్కించుకుపోండి."

ఓర్తెన్సియా మెట్టు మీద నుంచి కాలు దింపింది. "ఎంత దూరం పంపమంటారు?"

"మీ బస్సు ఎంత దూరం పోతే అంత దూరం."

ఆ మధ్యాహ్నమే సెనైదా కిటికీ పక్క సీట్లో కూర్చుంది. పాసు మీద ఏడాది అని ఉన్నదాన్ని కొట్టేయించి నాలుగేళ్లని రాయించింది మాత్రం ఎలెయుతేరియోయే, మేయరు పదవీకాలం అంతే మరి.